బిషెత్ ఆరో బొమ్మ

నా నోరు మంచిది కాదని పారిస్‌లో మా మార్తీర్ వీధిలో అందరూ అంటారు. అననీ. పొద్దున్న అయిదింటి నుంచి చీకటి పడేదాకా గుర్రం కళ్లెం పట్టుకుని ఆ వీధి ఎత్తు ఎక్కుతూ దిగుతూ ఉంటే వాళ్లకీ తెలుస్తుంది, మనిషిలో చివరికి మిగిలేది నోరొక్కటేనని. నాకు కాళ్లు పోయాయి, నడుం పోయింది, మొగుడు పోయి పదకొండేళ్లయింది. నోరు మాత్రం ఉంది.

ఆయన నాకు వదిలివెళ్లింది ఒక ఆడ గుర్రాన్ని. పేరు బిషెత్. బూడిద రంగు, నుదుట తెల్ల మచ్చ, దేనికీ తొందరపడని గుణం. వీధి మొదట్లో నేనూ అదీ నిలబడేవాళ్లం. బరువు బండి ఏదైనా వస్తే, దాని గుర్రాల ముందు బిషెత్‌ను కూడా కట్టి పైదాకా లాగించేవాళ్లం. అక్కడ విప్పుకుని మళ్లీ కిందికి నడిచి వచ్చేవాళ్లం. రోజుకి పదిహేనుసార్లు, ఒక్కోరోజు ఇరవై. పారిస్‌లో నాటకశాలల ముందు ఆగే గుర్రాలున్నాయి, యుద్ధాలు చూసి వచ్చిన గుర్రాలున్నాయి. మా బిషెత్ నా చేతికొచ్చాక చూసింది ఒక్క వీధి, అందులోనూ ఎడమ పక్కే ఎక్కువ.

పద్దెనిమిది వందల నలభైమూడు చలికాలం మొదలయ్యేసరికి దానికి పందొమ్మిదేళ్లు నిండాయి. ముందు కుడి మోకాలు వాచి గట్టిపడింది. నిలబడే నిద్రపోయేది. పడుకుంటే మళ్లీ లేవలేనని దానికీ తెలుసు, నాకూ తెలుసు. అది ఇంక ఎన్నాళ్లో ఉండదని నేనేమీ బుకాయించుకోలేదు. నా భయమల్లా ఒక్కటే. ఈ ఎత్తు మీద పడిపోయిన గుర్రాలను నేను ఎన్నింటినో చూశాను. బండివాడు కట్లు విప్పుకుని ఇంకో గుర్రం కోసం పోతాడు. చచ్చిన గుర్రాలను ఎత్తుకుపోయే చర్మాలవాడి బండి వచ్చేదాకా ఆ మూగజీవి ఒక్కతే రాళ్ల మీద పడి ఉంటుంది, కుక్కలు వచ్చి వాసన చూస్తాయి. నా బిషెత్‌కి ఆ గతి పట్టకూడదు. పోతే నా చెయ్యి దాని మెడ మీద ఉండగా పోవాలి. ఆ చలికాలమంతా నాకు ఇంకో కోరిక లేదు.

సరిగ్గా అప్పుడే దాపురించాడు బ్లెజో.

బ్లెజో గుర్రాల బొమ్మలవాడు. రాతి పలక మీద కొవ్వు సుద్దతో గీస్తే, ఆ రాయి మీంచి కాగితాలు అచ్చు వేస్తారు, ఆ పని. ఆ రోజుల్లో గుర్రం బొమ్మ లేని ఇల్లు లేదు. క్షవరం కొట్లో గుర్రాలు, సారా కొట్లో గుర్రాలు, పెళ్లికాని గుమాస్తా గదిలో మంచం పైన గోడకి గుర్రాలు. గుర్రాల బొమ్మలు వేసేవాళ్లలోనూ పెద్దలున్నారు, వాళ్లు దొరల పందెం గుర్రాలకి వేస్తారు. బ్లెజోకి ఆ యోగం పట్టలేదు. నలభై ఏళ్లవాడు, ఒకటే కోటు, అదీ మోచేతుల దగ్గర మెరుస్తూ ఉండేది. మా వీధిలోనే అయిదో అంతస్తులో ఉండేవాడు. రెండేళ్లుగా ముక్కాలిపీట తెచ్చుకుని నాకెదురుగా కూర్చుని బిషెత్‌ను గీసుకునేవాడు. నేనేం అనలేదు. చూస్తే అరిగిపోతుందా?

ఆ ఏడు ఆగస్టులో వీధి మొదట ఉన్న బొమ్మల కొట్టు అద్దంలో అతని బొమ్మ ఒకటి పెట్టారు. 'గుర్రం బతుకు' అని ఆరు కాగితాల వరస, నెలకొకటి. మొదటిది పచ్చిక మీద గుర్రప్పిల్ల. రెండోది పందెంలో. మూడోదాని మీద సైన్యాధికారి. నాలుగోది దొరసాని బండికి. అయిదోది బొగ్గు బండికి. పిల్లయినా, పందెపు గుర్రమైనా, అన్నింటికీ అదే నుదుటి మచ్చ, అదే మొహం. మా బిషెత్ మొహం.

"గుయారమ్మా, నీ గుర్రం మీద సేనాని ఎక్కాడే!" అని బొగ్గుబండి పాంక్రాస్ నన్ను ఆటపట్టించాడు.

"ఎక్కనీరా. నీలాగా బొగ్గు మసి పూసుకుని ఎక్కలేదు కదా," అన్నాను. లోపల మాత్రం మురిసిపోయాను. ఎందుకు దాచాలి?

ఆ మురిపెం డిసెంబరు దాకా నిలిచింది. అయిదో బొమ్మ చూశాక జనం కొట్టు అద్దంలోకి ఒకసారి, బిషెత్ వైపు ఒకసారి చూడటం మొదలెట్టారు. ఆరో కాగితం ఏమిటో పిల్లిపిల్లకి కూడా తెలుసు. పిల్ల, పందెం, యుద్ధం, బండి, బరువు. ఇంక మిగిలింది పడిపోవడమే. రొట్టెలమ్మాయి ఒకరోజు నోరు జారి, "ఇంకా బాగానే ఉందే!" అంది. ఆ అమ్మాయి దగ్గర నేను మళ్లీ రొట్టె కొనలేదు.

బ్లెజో ఇప్పుడు రోజూ వస్తున్నాడు. ముందు ఎండ ఉన్నప్పుడు వచ్చేవాడు, ఇప్పుడు మంచు పడ్డప్పుడు వస్తున్నాడు. చేతులు చంకల్లో పెట్టుకుని, పెన్సిలు చెవి వెనక దోపుకుని, కదలకుండా కూర్చుంటాడు. గీయడు. చూస్తాడు. మూడోరోజుకి నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమయ్యా, ఎవరి గుర్రం కోసం కాచుకున్నావ్?" అన్నాను కొరడా చేతిలో పట్టుకుని వెళ్లి.

"ఏది పడితే దాని కోసం, గుయారమ్మా."

"అబద్ధం చెప్పకు. అయిదు కాగితాలు నా గుర్రానివి గీసి, ఆరోది ఊరివాళ్ల గుర్రానిది గీస్తావా?"

తల దించుకున్నాడు. "నాకూ ఇష్టం లేదు," అన్నాడు. "మనసులోంచి నాలుగుసార్లు వేశాను. ఆవు పడుకున్నట్టు వచ్చింది. ఈ బొమ్మలు అచ్చు వేయించే పబ్లిషరు పడీపడీ నవ్వాడు. రాయి నున్నగా నూరి నెల రోజుల నుంచి నా గదిలో కాచుకుని ఉంది. చూడందే నాకు చెయ్యి రాదు. పడిన గుర్రం ఎలా ఉంటుందో..."

"ఎలా ఉంటుందో నేను చెప్తాను. చచ్చినట్టు ఉంటుంది. పో ఇక్కణ్ణుంచి, శకునం పక్షీ!"

పీట తీసుకుని వీధికి అవతలి పక్కకి వెళ్లి కూర్చున్నాడు. వెంటపడి తరిమే ఓపిక నాకు లేదు. నిజం చెప్పొద్దూ, అక్కడ దగ్గుతూ వణుకుతూ కూర్చుంటే వాడి మీద జాలి కూడా వేసింది. వాడూ అలిసిపోయాడు, నేనూ అలిసిపోయాను, బిషెత్ మా ఇద్దరికంటే అలిసిపోయింది. ముగ్గురం ఒకే దాని కోసం ఎదురుచూస్తున్నాం, వాడొక్కడే పీట వేసుకుని కూర్చున్నాడు.

జనవరి రెండో వారంలో ఓ రాత్రి వాన పడి తెల్లారేసరికి గడ్డకట్టింది. వీధంతా గాజు. కమ్మరివాడిచేత బిషెత్ లాడాలకి మంచు మేకులు ముందురోజే కొట్టించాను కానీ, ఆ రాళ్ల మీద మేకులు మూడుసార్లు ఎక్కేసరికే అరిగిపోతాయి. నాలుగోసారికి పాంక్రాస్ బొగ్గు బండి వచ్చింది.

"ఇవాళ వద్దురా, మధ్యాహ్నం దాకా ఆగు," అన్నాను.

"పైన ప్రసూతి ఇంట్లో బొగ్గు నిండుకుందమ్మా. పసిపిల్లలు చలికి బిగుసుకుపోతారు. రెండు గుర్రాలతో ఎక్కలేను."

ఏం అంటాను? కట్టాను. సగం దూరం బాగానే లాగింది. వాయిద్యాల కొట్టు దాటగానే దాని ముందు కాళ్లు రెండూ ఒక్కసారి జారాయి. పెద్ద చప్పుడేం కాలేదు. మోకాళ్ల మీద పడింది, తర్వాత పక్కకి ఒరిగింది.

మా ఎత్తు మీద ఒక కట్టడి ఉంది. పడ్డ గుర్రం తల ఎత్తితే లేవబోయి తన్నుకుంటుంది. కట్లలో ఉండి తన్నుకుంటే కాలు విరుగుతుంది. అందుకని ఎవరి గుర్రం పడినా సరే, దగ్గరున్న మనిషి వెళ్లి దాని మెడ మీద, చెవుల వెనక కూర్చోవాలి. కట్లు విప్పేదాకా లేవకూడదు. దొరైనా, పాదిరీ అయినా సరే. పాంక్రాస్ చక్రాల కింద రాళ్లు పెట్టకపోతే బండి వెనక్కి దొర్లిపోతుంది. కట్లు విప్పాల్సింది నేను. కూర్చోడానికి మూడో మనిషి లేడు.

ఎదురుగా బ్లెజో. పెన్సిలు చెవి వెనక నుంచి చేతిలోకి వచ్చేసింది.

"బ్లెజో!" అని అరిచాను. "నీకు పుణ్యముంటుంది, వచ్చి కూర్చో!"

ఒక్క గీతైనా గీసి వస్తాడనుకున్నాను. నెల రోజులు కాచుకున్నది కళ్లముందు పడి ఉంది మరి. గీయలేదు. పుస్తకం పీట మీద పారేసి, రెండుసార్లు జారిపడి లేచి, వచ్చి బిషెత్ మెడ మీద కూర్చున్నాడు. అప్పటిదాకా వాడు గుర్రాన్ని ముట్టుకుని ఎరగడట. "ఎంత వేడిగా ఉంది!" అన్నాడు. నేను కట్లు విప్పాను. దాని కాళ్ల కింద గోనెసంచులు వేశాను.

"ఇంక లే," అన్నాను వాడితో. తర్వాత బిషెత్‌తో, "లే తల్లీ. లే నా బంగారం. ఒక్కసారి."

ఒకసారి లేవబోయింది. గోనెసంచి మీద కాలు ఆనింది, వెనక నుంచి పాంక్రాస్ తోక పట్టి ఎత్తాడు, మోకాలు మడతపడి మళ్లీ కూలబడింది. రెండోసారి తల మాత్రం ఎత్తింది. మూడోసారి నేను పిలవలేదు. దాని కళ్లల్లోకి చూశాను, నా వల్ల కాదు అన్నట్టు చూసింది. ఎన్నేళ్లుగానో నేనూ రోజూ సాయంత్రం అలాగే అనుకుంటున్నాను, నాకు తెలియదా?

వెనకొచ్చిన సున్నపు బండివాడు తన గుర్రాన్ని కలిపి పాంక్రాస్ బండిని పైకి లాగించాడు. కిందికి వచ్చేటప్పుడు చర్మాలవాడికి కబురు పెడతానని పాంక్రాస్ టోపీ తీసి మరీ చెప్పి వెళ్లాడు. నేను మంచు మీద కూలబడి, దాని తల ఒడిలోకి లాక్కుని, మెడ మీద చెయ్యి వేశాను. ఊపిరి ఆడుతూనే ఉంది, కానీ ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎడం పెరుగుతోంది.

బ్లెజో పక్కనే టోపీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం నిలబడ్డావ్? నీ పీట తెచ్చుకో," అన్నాను.

"వద్దు గుయారమ్మా."

"ఏం వద్దు? నెల రోజులు దగ్గుకుంటూ కూర్చున్నది దేనికి? ఇదిగో, పడింది. గీయి. మళ్లీ ఇంకెవరి గుర్రం కోసమో కాచుక్కూర్చుంటావా? దీంతోనే సరిపెట్టు. నన్ను కూడా గీయి. దాని పక్కన మనిషుందని అందరికీ తెలియాలి."

పీట తెచ్చుకున్నాడు. వేళ్లు వంగక మొదట నోటితో ఊదుకున్నాడు, తర్వాత గీయడం మొదలెట్టాడు. నేను కదలకుండా కూర్చున్నాను. మంచు నీరు లంగాలోంచి తొడలకి దిగుతోంది. అలా ఎంతసేపో తెలియదు. మధ్యలో ఎక్కడో నా చేతి కింద మెడలో కొట్టుకునేది ఆగిపోయింది. నేను వాడికి చెప్పలేదు. కదిలితే బొమ్మ చెడిపోతుందని చెయ్యి కూడా తియ్యలేదు.

"అయిపోయిందా?" అన్నాను కాసేపటికి.

"ఇంకొంచెం ఉంది."

"నిదానంగా కానీ. దానికిప్పుడు తొందరేం లేదు."

అప్పుడు తల ఎత్తి చూశాడు. వాడికి అర్థమైంది. పెన్సిలు పట్టుకున్న చేత్తోనే మొహం తుడుచుకున్నాడు. మొహమంతా నల్లగా అయింది.

ఏడవాల్సినంత ఏడ్చాను. కానీ ఒకటి చెప్తాను, నాకు లోపల కొంచెం నెమ్మదిగా ఉంది. వీధిలోనే పోయింది, నిజమే. కానీ ఒంటరిగా పోలేదు. నేననుకున్నట్టే, నా చెయ్యి మెడ మీద ఉండగా పోయింది. చాకిరేవులో బట్టలు పిండే పనికి కుదిరాక, పక్కన పిండే ప్రతి ఆడదానికీ ఈ మాటే చెప్పాను. "బొమ్మ వస్తుంది, చూడండి. నేను కూడా ఉంటాను అందులో," అని.

ఫిబ్రవరి మొదటి ఆదివారం బొమ్మ పెట్టారు. ఉతికిన తలగుడ్డ కట్టుకుని, చాకిరేవు ఆడవాళ్లు నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లాను. అద్దం ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. తోసుకుంటూ ముందుకి వెళ్లాను.

బిషెత్ ఉంది. అచ్చంగా బిషెత్. మిగతా అయిదింట్లో మెడ సాగదీశాడు, మోకాలు సరిచేశాడు. ఇందులో ఏదీ దిద్దలేదు. వాపు వాపులాగే ఉంది. కింది పెదవి అలాగే వేలాడుతోంది. చుట్టూ వీధి లేదు, కొట్లు లేవు. ఖాళీ మైదానం, మంచు, దూరంగా రెండు కాకులు. ఇంకెవరూ లేరు.

"నువ్వెక్కడే, గుయారమ్మా?" అంది చాకిరేవు క్లోటిల్డ్ మెడ సాచి. "నీ మీద మంచు కప్పేశాడా ఏం?"

నా ముందు ఉన్ని కోటు వేసుకున్న ఒక దొరసాని జేబురుమాలతో కళ్లు అద్దుకుంటోంది. "పాపం, పాపం," అంది పక్కనున్న ఆయనతో. "చాకిరీ అంతా చేయించుకుని ఒంటరిగా చావడానికి వదిలేసి పోయారు. వీళ్లు మనుషులేనంటారా?"

నాకు నోరుంది కదా, మాట్లాడాలి కదా. ఒక్క మాట రాలేదు.

అయిదు అంతస్తులు ఎలా ఎక్కానో నాకే తెలియదు. తలుపు కొట్టలేదు, తోసుకుని లోపలికి వెళ్లాను. బ్లెజో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఎందుకు వచ్చానో వాడికి తెలుసు.

"ఒంటరిగా వదిలేశానట," అన్నాను. "కింద అంటున్నారు. నేను, నా బిషెత్‌ను! నువ్వక్కడ లేవూ? మెడ మీద కూర్చున్నది నువ్వు కాదూ? ఎంత మోసగాడివిరా!"

"రాతి మీద మిమ్మల్ని వేశాను గుయారమ్మా. ఒట్టు. మీ చెక్కచెప్పులతో సహా వేశాను." "పబ్లిషరు వచ్చి చూసి, ముసల్దాన్ని తీసెయ్యమన్నాడు. గుర్రం ఒంటరిగా చస్తేనే జనం ఏడుస్తారట. పక్కన మనిషి ఉంటే ఏడ్చే పని ఆవిడే చేసేస్తుంది, కొనేవాళ్లకి ఏం మిగుల్తుందన్నాడు. వద్దని రెండు రోజులు పోట్లాడాను. తర్వాత ఓపిక లేకపోయింది."

"తర్వాత?"

"కత్తితో గీకేశాను."

బల్ల మీదున్న అచ్చు కాగితం తెచ్చి కిటికీ వెలుగులో పెట్టాడు. బిషెత్ మెడ దగ్గర వేలు పెట్టి చూపించాడు. మంచంతా తెల్లగా ఉంది, అక్కడ మాత్రం మాసినట్టు ఉంది. రాయి గీకితే ఆ చోటు గరుకవుతుందట. ఎంత కడిగినా కాస్త సిరా పట్టుకుంటుందట.

"ఇది మీరే," అన్నాడు.

చాలాసేపు చూశాను. బొటనవేలంత మరక. ఎవరైనా చూస్తే అచ్చువాడి వేలి మసి అనుకుంటారు. తిడదామని వచ్చాను కానీ, తిట్లన్నీ మెట్ల మీదే అయిపోయినట్టున్నాయి.

"ఈ కాగితం నాకివ్వు," అన్నాను. "ఇచ్చే ముందు ఈ మసి మీద నన్ను మళ్లీ వెయ్యి. కింద వాళ్లు చూడకపోతే పోనీ. ఇందులో మాత్రం నేనుండాలి."

ముక్కాలిపీట మీద కూర్చుని కాగితం ముందు పెట్టుకున్నాడు. పెన్సిలు తీశాడు. గీయలేదు.

"ఆ రోజు వేసింది పబ్లిషరు తీసేసుకున్నాడు," అన్నాడు. "గీకేటప్పుడు నా మనసులోంచి కూడా పోయింది. ఎలా కూర్చున్నారో గుర్తు రావడం లేదు. చెయ్యి ఎక్కడ..."

ఇంక చెప్పి లాభం లేదని నేను నేల మీద కూర్చున్నాను. కాళ్లు చాపి, బిషెత్ తల ఉండాల్సిన చోట ఒడి వదులు చేసుకుని, చెయ్యి ముందుకు చాపాను. ఎంత ఎత్తులో పెట్టాలో చేతికే తెలుసు. మెడ ఎంత లావో, జూలు ఎక్కడ మొదలవుతుందో అన్నీ దానికి తెలుసు. వాడు గీయడం మొదలెట్టాడు. మొదట తలగుడ్డ, తర్వాత భుజం, తర్వాత చెయ్యి. గదిలో పొయ్యి లేదు. నా భుజం లాగుతోంది. అయినా చెయ్యి దించలేదు.

"అయిపోయింది," అన్నాడు చివరికి, కాగితం నా వైపు తిప్పి. నుదురు దాకా తలగుడ్డ, పక్కన చెప్పులు, మెడ మీద చెయ్యి. నేనే. "ఇంక లేవండి గుయారమ్మా, నేల చల్లగా ఉంది."

"ఆ రోజు చర్మాలవాడు లే లే అని కసిరితే తొందరగా లేచేశాను నాయనా," అన్నాను. "ఇవాళ కాసేపు కూర్చోనియ్యి."

వాడు సరేనన్నాడు. నేను చెయ్యి తియ్యలేదు.